పెద్దపక్షుల దారిబత్తెము



పోయిన చలికాలమున నేను నేలకొండపల్లికి వచ్చినపుడు, బౌద్ధస్తూపమున్న దిబ్బకు చేరువను, ఒక పొలముగట్టున వృద్ధుడైన రైతొకరితో గూర్చుండి మాటలాడుచుంటిని. జాము ప్రొద్దెక్కినది. మా తలలమీదుగా పది పండ్రెండు పెద్దకొంగలు చప్పుడు లేక సుడితిరుగుచు పైకి పోవుచుండెను. వానిలో ఒక్కటియు ఱెక్క విదల్పలేదు. ఆయన కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని చాలసేపు చూచి, "అయ్యా, మేము భద్రాచలమునకు నడచి పోవు రోజులలో మూటలో ఇన్ని అటుకులో, సద్దియో కట్టుకొని పోయెడివారము. ఇవి సైబీరియానుండి వచ్చునని చెప్పుచున్నారు గదా, వీని దారిబత్తెమేమి?" అని యడిగెను.

ఆనాడు నేను చెప్పిన సమాధానము పొడిపొడిగా నుండెను. ఇంటికి వచ్చిన తరువాత అది నాకే రుచింపలేదు. కావున నేటి ప్రసంగములో ఆ ప్రశ్నకే నిదానముగా బదులు చెప్పదలచితిని.

ముందుగా నొక పొరపాటు దిద్దుకొందము. ఆ దినమున మేము చూచినవి ఎఱ్ఱకాళ్ళ కొంగలు. పసుపుపచ్చని పొడుగుముక్కు, ఈకలు లేని ఎఱ్ఱని మొగము, తోకదగ్గఱ గులాబివన్నె ఈకలు, ఇవి వాని గుఱుతులు. ఖమ్మము గ్రామీణ మండలములోని చింతపల్లిలో చింతచెట్లమీద గూళ్ళు కట్టుకొనుచు వచ్చినవి ఇవియే. అచ్చటివారు వీనిని సైబీరియా పక్షులందురు. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దగ్గఱనున్న తేలినీలాపురము వారును అట్లే యందురు. దూరపు చుట్టమన్న మర్యాద యెక్కువ గాబోలు! నిజమునకు ఈ కొంగ యెన్నడును సైబీరియా మొగము చూచినది కాదు. ఇది మన దేశపు పక్షియే. ఏ చెఱువులో నీళ్ళు తగ్గి చేపలు ఒకచోట చేరునో ఆ చెఱువును వెదకుకొనుచు, ఋతువుననుసరించి ఒక సీమనుండి మఱియొక సీమకు, కోతలకు పోయివచ్చు కూలివలె, పోయివచ్చుచుండును. దగ్గఱ ప్రయాణమని దీనిని తేలికగా చూడరాదు. నత్తలను దిను గుల్లకొంగ మీకు తెలిసినదే. ముక్కు మూసినను నడుమ సందు విడిచియుండును. భరతపురములో కాలికి కడియము తొడిగి విడిచిన గుల్లకొంగపిల్ల యొకటి 800 కిలోమీటర్ల తూర్పున మరల దొరకినది.

ఇక నిజముగా సైబీరియా దిక్కునుండి వచ్చు పెద్దపక్షులును లేకపోలేదు. ఢిల్లీ నగరపు చెత్తకుప్పలపై చలికాలము గడపు గద్దలలో కొన్నిటికి చిన్న యంత్రములు కట్టి, ఆకాశమున దిరుగు ఉపగ్రహముల ద్వారా వాని త్రోవను కనిపెట్టినారు. 2020 లో ఆ వివరములు వెలువడినవి. ఆ గద్దలు వేసవి రాగానే కారకోరము పర్వతములలో కే-టూ శిఖరపు ప్రాంతమును దాటి, కజకస్థాను, రష్యా, మంగోలియా, చైనా దేశముల సరిహద్దులు కలియు సీమలకు, 3,300 మొదలు 4,800 కిలోమీటర్ల దూరము, ఇంచుమించు నెలదినములలో పోయినవి. మన యూళ్ళలో కోడిపిల్లలను తన్నుకొనిపోవు గద్దకు ఇవి దాయాదులే.

ఇపుడు దారిబత్తెము మాట. పక్షికి పెద్ద శరీరము లాభమో నష్టమో ముందు లెక్క చూడవలెను. ఒక పిట్ట యొక్క పొడవును, వెడల్పును, మందమును రెండింతలు చేసితిమనుకొందము. ఱెక్కల వైశాల్యము 4 రెట్లగును. ఒంటిబరువు మాత్రము 8 రెట్లగును. అనగా జానెడు ఱెక్కపై మునుపున్న భారమునకు రెండింతలు పడినది. పోనీ యని ఆ పెద్ద ఱెక్కను పిచ్చుకవలె టపటప కొట్టుదమన్న అదియు సాధ్యము కాదు. పొట్టికఱ్ఱను త్రిప్పినంత వడిగా పొడుగుగడను త్రిప్పలేము గదా. కావున పక్షి పెరిగినకొలది ఎగురుటకు కావలసిన బలము హెచ్చుచుండును. దాని కండలు ఈయగల బలము ఆ మేరకు హెచ్చదు. వ్యయము ఆదాయమును మించిన చోట ఎగురుట నిలిచిపోవును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనది ఆఫ్రికాలోని పెద్ద బట్టమేకపిట్ట. అది 18 కిలోల దరిదాపున ఆగిపోయినది. అంతకు మించిన ఉష్ట్రపక్షి నేలమీద పరుగెత్తుచున్నది.

మన ఎఱ్ఱకాళ్ళ కొంగ 2 మొదలు మూడున్నర కిలోల బరువు; ఱెక్కలు చాచిన 5 అడుగులుండును. గూడబాతు 4 మొదలు 6 కిలోలు తూగును. దాని ఱెక్కలు 7, 8 అడుగులు. ఇంత బరువును ఱెక్కలు కొట్టుచు దినమంతయు మోయుట దానికి దివాలా. చిన్నపిట్టలు ప్రయాణమునకు ముందు విశేషముగా తిని ఒంటికి క్రొవ్వు పట్టించుకొనును. కొన్ని పిట్టలు తమ మామూలు బరువునకు రెండింతలగునంతగా క్రొవ్వును. ఆ క్రొవ్వే వాని సద్దిమూట. పెద్దకొంగ ఆ పని చేయబూనెనా, మూటయే దానిని క్రిందికి లాగును. చిన్నవానికి మేలైన యుపాయము పెద్దవానికి ఉరి. కనుక అది తన బత్తెమును వీపున మోయదు, దారిలో సంపాదించును. ఆ బత్తెము తినునది కాదు, ఎక్కునది. సూర్యుడు దానిని వండును, నేల వడ్డించును.

వేసవిలో దున్నిన రేగడిచేలలో సుడిగాలి లేచి, చెత్తను, ఎండుటాకులను తాటిచెట్టెత్తు ఎగదన్నుట మీరందఱును చూచినదే. సుడిగాలి కంటికి కనబడునట్టిది. కంటికి కనబడని దాని అన్నదమ్ములు పగలంతయు మన పొలములమీద లేచుచునే యుండును. ఎండకు అన్ని నేలలును ఒక్కరీతిగా వేడెక్కవు. బండగుట్టయు, దున్నిన నల్లరేగడియు, ఊరి మిద్దెలును త్వరగా కాగును. చెఱువునీరును, నీరుకట్టిన వరిమడియు ఆలస్యముగా కాగును. కాగిన నేలనంటియున్న గాలి వేడెక్కి తేలికయై, చుట్టునున్న చల్లగాలి క్రిందినుండి త్రోయగా, పైకి లేచును. దీనిని ఎగదన్నుగాలి యందము. తూర్పారబట్టు వేళ అడ్డముగా వీచు గాలి పొట్టును ప్రక్కకు కొనిపోవును గదా; ఈ గాలి నిలువుగా వీచును. మంచి యెండలో నిమిషమునకు 400, 500 అడుగుల వంతున పైకి పోవును. కొన్ని వేళల దాని కొనయందు దూదిపింజవంటి తెల్లమబ్బు పుట్టును. ఆ మబ్బు ఎచ్చటనున్నదో దాని క్రింద గాలి లేచుచున్నదని అనుభవముగల పక్షి యెఱుగును.

కొంగ చేయు పని యింతే. ఎగదన్నుగాలిలోనికి చొచ్చి, ఱెక్కలు చాచి, దానిలోనుండి జాఱిపోకుండ గుండ్రముగా తిరుగుచుండును. నిజమునకు గాలిలో అది క్షణక్షణము క్రిందికే జాఱుచున్నది. కాని అది జాఱుదానికంటె గాలి యెక్కు వడి యెక్కువ. 3,000 అడుగుల యెత్తు చేరిన పిదప సుడిని విడిచి, పోదలచిన దిక్కునకు ముక్కు నిలిపి వాలుగా జాఱును. తెల్లకొంగవంటి పక్షి ఒక అడుగు దిగునంతలో పదునైదడుగులు ముందునకు పోగలదు. కావున ఆ యెత్తునుండి గాలి నిలుకడగానున్న నాడు ఱెక్క కదల్పకయే 13 కిలోమీటర్లు పోవును. మీ యూరిమీద లేచిన కొంగ ఖమ్మము త్రోవలో సగము దాటునన్నమాట. అచ్చట మఱియొక సుడి, మరల ఎక్కుట, మరల జాఱుట. ఇదే దాని ప్రయాణము.

దీనివలన ఎంత మిగులునో తెలిసికొనుటకు ఫ్రాన్సు దేశమున మచ్చికచేసిన రాబందులకు గుండెచప్పుడు లెక్కించు యంత్రములు కట్టి చూచిరి. నేలనుండి లేచునపుడు వాని గుండె మామూలు కంటె మూడింతలు వడిగా కొట్టుకొన్నది. ఎగదన్నుగాలి దొరకిన పది నిమిషములలో మరల ఊరక కూర్చున్నప్పటి స్థితికి వచ్చినది. ఆకాశమున దిరుగుటయు, బండమీద కునుకుటయు ఆ గుండెకు ఒక్కటే! దక్షిణ అమెరికా కొండలలోని కాండరు అను మహా రాబందు 15 కిలోల వఱకు తూగును. దాని సంగతి 2020 లో తేలినది. అది యెగురు కాలములో నూటికి ఒక పాలు మాత్రమే ఱెక్కలు కొట్టును. ఒక పక్షి 5 గంటలకు పైగా, 172 కిలోమీటర్లు, ఒక్కమాఱైనను ఱెక్క కొట్టక పోయినది. అది కొట్టిన ఆ కాస్తలో ముప్పాతిక పాలు నేలనుండి లేచుటకే చెల్లినది. ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకొనుడు; దానితో మరల పనియున్నది.

రాబందు పేరెత్తితిని గనుక ఒక మాట. మీ చిన్ననాట గొడ్డు చచ్చినచోట గుంపులుగా దిగిన రాబందులు ఇపుడు లేవు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన గొడ్డు మాంసముతో వాని కడుపున పడి మూత్రపిండములను చెఱచినది. 2006 లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించునప్పటికే కోట్లకొలది యున్న పక్షులు వేలలోనికి వచ్చినవి. రాబందుల సుడిని చూచి ఇతర పక్షులు ఎగదన్నుగాలి జాడ తెలిసికొనెడివి. ఆకాశమున ఆ గుఱుతుకొయ్యలు పోయినవి.

సరే, సూర్యుడు ఎత్తును ఉచితముగా ఇచ్చుచున్నాడు. అయినను పూర్తిగా ఉచితమని చెప్పలేము. వెల మఱియొక నాణెముతో చెల్లింపవలెను. మొదటిది కాలము. తెల్లవాఱగనే బయలుదేఱుటకు లేదు. నేల కాగువఱకు, జాము ప్రొద్దెక్కువఱకు, చెట్టుమీద కాచుకొనియుండవలెను. ప్రొద్దు వాలక మునుపే దిగవలెను. రాత్రి ప్రయాణము లేదు. రెండవది త్రోవ. సముద్రముమీద పగటియెండకు ఇట్టి గాలి సరిగా లేవదు. ఐరోపా ఖండపు తెల్లకొంగలు ఆఫ్రికాకు పోవునపుడు నడుమనున్న మధ్యధరా సముద్రమును అడ్డముగా దాటక, పడమట జిబ్రాల్టరు ఇఱుకున గాని, తూర్పున బాస్ఫరసు జలసంధిమీదుగా గాని, వందలకొలది కిలోమీటర్లు చుట్టు తిరిగి పోవును. దూరము పెరిగినను ఖర్చు తగ్గినది. ఏటికి అడ్డముపడి యీదుటకంటె రేవుకు నడచిపోవుట మేలని యెంచు మనవారి తీరే.

దీనికి ఎదురుగా అమూరు డేగను చూడుడు. దాని బరువు 150 గ్రాములకు కొంచెము ఎక్కువ తక్కువ. ఈశాన్య ఆసియానుండి బయలుదేఱి, నాగాలాండులో చెదపురుగులను మెక్కి, మన దేశమును దాటి, అరేబియా సముద్రముమీదుగా ఎచ్చటను దిగక ఆఫ్రికాకు పోవును. చిన్నది గనుక సద్ది మోయగలదు. తలపై రెండు నల్లని పట్టెలుగల అడవిబాతు, చలికాలమున తెలంగాణపు చెఱువులకు వచ్చునది, పెద్దపక్షియే యైనను సుడితిరుగు జాతి కాదు. హిమాలయములను ఱెక్కల బలముతోనే దాటును. కాని దానికిని లెక్క తెలియును. అంత యెత్తున గాలి పలుచన. పలుచని గాలిలో ఱెక్కకు పట్టు చాలదు. అందుచే ఆకాశమున సమముగా పోక, కొండ లేచిన చోట లేచి, లోయ దిగిన చోట తానును దిగుచు నేలనంటి పోవును. సంపాదించుకొన్న యెత్తును ఊరక పాఱవేయుచున్నట్లు తోచును. కొలిచి చూచినవారు ఇదియే చౌక యని తేల్చిరి.

కొంగలు దూరదేశములకు పోవునని ఒకప్పుడు ఐరోపావారే నమ్మలేదు. 1822 లో జర్మనీలోని క్లూట్సు అను ఊరిదగ్గఱ వేటలో చచ్చిన తెల్లకొంగ మెడలో ఆఫ్రికా దేశపు ఈటె గ్రుచ్చుకొనియుండెను. ఇంచుమించు రెండు మూరల కఱ్ఱ! ఆ కొంగ నేటికిని రోష్టాకు విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. మెడలో ఆ గడతో అది ఆఫ్రికానుండి స్వదేశమునకు తిరిగివచ్చినది. ఱెక్కలు కొట్టుటయే దానికి గతియైన యెడల అది వచ్చియుండునా యని నాకు సందేహమే.

ఈ విద్య పుట్టుకతో పూర్తిగా రాదు. పిల్లకొంగలు పెద్దకొంగలకంటె ఎక్కువగా ఱెక్కలు కొట్టును. మొదటి ప్రయాణమున పిల్లలు విశేషముగా చచ్చును. జర్మనీలో 27 పిల్లకొంగల గుంపును యంత్రములు కట్టి వెంబడించిరి. కొన్ని ముందుండి గాలి జాడ పట్టెడివి. కొన్ని వెనుక వచ్చి, ముందువాని సుడిలో చేరబోయి ఆలస్యమై, ఆ కొఱతను ఱెక్కలు కొట్టి పూడ్చుకొనెడివి. ముందున్నవి ఆఫ్రికా చేరినవి. వెనుకబడినవి ఐరోపా దక్షిణపు కొనయందే ఆగిపోయినవి. ఎవరు ఎంతదూరము పోగలరో బయలుదేఱిన కొలది నిమిషములలోని ఱెక్కల కొట్టుడును బట్టియే చెప్పవచ్చునట. దీనిని 2018 లో ప్రకటించిరి.

గూడబాతులకు మఱియొక యుపాయము కూడ గలదు. ఒకదాని వెనుక ఒకటి కొంచెము ప్రక్కకు తొలగి వరుసగా పోవును. ముందుదాని ఱెక్కకొననుండి లేచు గాలి వెనుకదానికి ఊతము. తెల్లని పెద్ద గూడబాతుల గుండెలు లెక్కించగా, ఒంటరిగా పోవునపుడున్న వడికంటె వరుసలో నూటికి 11 మొదలు 14 పాళ్ళు తగ్గినది.

ఇక మన సీమకు వత్తము. ఒక ప్రక్క పాలేరు జలాశయము, దాని చుట్టు చిన్నచెఱువులు, వరిమళ్ళు. తూర్పున భద్రాచలపు అడవికొండలు. కొండవాలును తాకిన గాలి పైకి మఱలును. ఎండ చాలని వేళ పక్షికి అదియు నొక మెట్టు. నీటిలో మేతయు, గుట్టలపై ఎగదన్నుగాలియు, ఊళ్ళలో ముదురు చింతచెట్లును దగ్గఱ దగ్గఱగా నున్నందుననే యీ పక్షులకు ఈ తావు కలిసివచ్చినది. మూటిలో ఏది తప్పినను లెక్క తప్పును.

ఎట్లు తప్పునో చూడుడు. నేలనుండి గాని కొమ్మనుండి గాని లేచుటయే మిక్కిలి ఖర్చని యింతకుముందు చెప్పితిని. జాము ప్రొద్దెక్కక మునుపు చెట్టుక్రింద టపాసు ప్రేల్చిన, కొంగ లేవక తప్పదు. అప్పటికి గాలి లేదు. అది ఱెక్కలు కొట్టుచునే తిరిగి, కొట్టుచునే దిగవలెను. పిల్లలకు చేప తెచ్చుటకై దాచుకొన్న బలము అచ్చటనే కరగిపోవును. మనకది ఒక నిమిషపు వేడుక. చెఱువు పూడి మేత దూరమైన యెడల రోజుకొక ప్రయాణము పెరుగును. చింతచెట్టు కొట్టిన యెడల, క్రొత్తగా నాటినది గూడు మోయునంత ముదురుటకు మనుమల కాలము రావలెను. విద్యుత్తీగల సంగతి కూడ ఇట్టిదే. 5 అడుగుల ఱెక్కలుగల పక్షి వాలుగా జాఱి వచ్చునపుడు చటుక్కున ప్రక్కకు తిరుగలేదు. రెండు తీగలను ఒక్కమాఱు తాకగలదు. చింతపల్లిలో ఇపుడు కోతుల బెడదయు తోడైనది. అవి కొమ్మలమీద పడిన గూళ్ళు నిలువవు. కోతులు ఊళ్ళమీదికి ఏల వచ్చినవో అడవి అంచుననున్న మీకు నాకంటె ఎక్కువ తెలియును.

ఆ వృద్ధుడు చివరకు నన్నింకొక మాట యడిగెను: "ముసురు పట్టిన నాడో?" ఆ దినము ప్రయాణము లేదు. నేల కాగదు, గాలి లేవదు. పక్షి ఱెక్కలు ముడుచుకొని, మెడ వంచుకొని కొమ్మమీదనే యుండును. వాన రెండు దినములైన రెండు దినములు, మూడైన మూడు. మబ్బు విడిచిన మఱునాడు జాము ప్రొద్దున స్తూపపు దిబ్బవైపు చూచుచుండుడు. మొదట ఒకటి లేచి గాలిని పరీక్షించును. అది సుడి తిరుగుట కనబడగానే తక్కినవి దానివైపు పోవును.